కాడెద్దా? పందెపు ఎద్దా?

పొద్దున పదింటికే బెలుం గుహల పార్కింగ్‌లో ఎండ చురుక్కుమంటోంది. బళ్లారి వైపు నుంచి వచ్చిన టూరిస్టు బస్సు దిగినవాళ్లు టికెట్ల కౌంటరు వైపు పోకుండా ఒక నల్ల బండి చుట్టూ మూగారు. నాపరాయి దిమ్మెకు పాలిష్ పట్టి చక్రాలు బిగించినట్టుంది అది. ఒకాయన కొడుకును బానెట్ పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. మా బావమరిది నా మోచెయ్యి పొడిచాడు.

"చూసినావా బావా? గుహల కంటే దీనికే గిరాకీ."

వాడిది ఆళ్లగడ్డ. పన్నెండెకరాల సేద్యం, ఊళ్లో ఎరువుల కొట్టు. ఒక ట్రాక్టరు, పదేళ్ల నాటి చిన్న కారు ఉన్నాయి. మూడు నెలలుగా ఒకటే పట్టు మీదున్నాడు, పెద్ద లగ్జరీ ఫోర్ బై ఫోర్ కొనాలని. కొత్తది కొనే తాహతు లేదు, పాతదైనా సరే. వెతగ్గా వెతగ్గా ఇది దొరికింది. 2012 మోడల్, డీజిల్, ఆరు సిలిండర్లు, ఆటోమేటిక్ గేర్లు, గాలి సంచుల మీద నిలబడే సస్పెన్షన్, పైన తెరుచుకునే అద్దాల కప్పు. కొత్తలో అరవై లక్షల పైమాట. ఇప్పుడు అడుగుతున్నది తొమ్మిదిన్నర. నంబరు డీఎల్‌తో మొదలవుతుంది, అంటే ఢిల్లీ బండి. యజమానికి కొలిమిగుండ్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. బేరానికి గుహల దగ్గరకే రమ్మన్నాడు.

కంపెనీ పేరు రాయను. ఐరోపా బండి అనుకోండి, చాలు. ఆ వయసుకు వచ్చాక వాటన్నిటి కథా ఇంచుమించు ఒకటే.

నంద్యాల నుంచి నాతో మెకానిక్ భాయ్ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా జీపులూ సుమోలూ విప్పి బిగిస్తున్న మనిషి. ఈమధ్య లాప్‌టాపూ, స్కానరూ కూడా కొన్నాడు. భాయ్ బండి చుట్టూ తిరగలేదు, తలుపు తీసి సీట్లు చూడలేదు. బానెట్ ఎత్తమని, రేడియేటర్‌కు పోయే లావు రబ్బరు పైపు మీద అరచెయ్యి వేశాడు. వెంటనే తీసేశాడు.

"ఇప్పుడే తిప్పి తెచ్చి పెట్టినట్టుండారే అన్నా?"

"మీరొస్తారని కడిగించుకొచ్చినా," అన్నాడు యజమాని నవ్వుతూ.

భాయ్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "వేడి మీదున్న ఇంజను అబద్ధం చెప్తాది సార్. చల్లగున్నప్పుడే దాని రోగం బయటపడేది. ఒక రెండు గంటలు పోనీండి. మీరు గుహ చూసి రాండి."

అలా, బండి చూడ్డానికి పోయినవాళ్లం బెలుం గుహలోకి దిగాం.

పైనుంచి చూస్తే బెలుంలో చూడ్డానికేమీ లేదు. చదును నేల, అందులో దిగుడుబావుల్లాంటి మూడు గుంతలు. నడిమి గుంతలోకి మెట్లు దిగితే మొదలవుతుంది అసలు సంగతి. కొలిచినంత మేర 3,229 మీటర్ల సొరంగాలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. దాదాపు నూరేళ్ల తర్వాత, 1982, 83లలో గెబావర్ అనే జర్మన్ పరిశోధకుడి బృందం వచ్చి లోపలంతా పాకి కొలతలు తీసింది. పర్యాటకాభివృద్ధి సంస్థ దీపాలు పెట్టి, గాలి ఆడే ఏర్పాటు చేసి 2002లో జనానికి తెరిచింది. మనం నడవగలిగేది కిలోమీటరున్నర. అన్నిటికన్నా కింద పాతాళగంగ, 46 మీటర్ల లోతున. సున్నపురాయిని నీళ్లు కరిగించుకుంటూ పోతే ఏర్పడ్డ దారులివి. పైన మడక దున్నేవాడికి ఆ సంగతే తెలియదు.

"ఏం బావా, బండితో పోలుస్తాండావా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ మా బావమరిది. వాడు తెలివిలేనివాడేం కాదు.

పోలుస్తున్నానని ఒప్పుకోలేదు గానీ, సప్తస్వరాల గుహలోకి వెళ్లాక ఇక దాచలేకపోయాను. అక్కడ పైనుంచి వేలాడే రాతి ఊడల్ని వేలి కణుపుతో కొడితే మోగుతాయి. ఒక్కోటి ఒక్కో స్వరం. వాడి ఊళ్లో, ఆళ్లగడ్డలో, శిల్పులు చేసేదీ అదే. రాయిని ఉలితో మీటి చూస్తారు. గంటలా మోగితే పురుష శిల, కాస్త మెత్తగా పలికితే స్త్రీ శిల, బొత్తిగా పలక్కపోతే నపుంసక శిల. పలకని రాయి విగ్రహానికి పనికిరాదు. కొన్ని గంటల తర్వాత ఎండలో భాయ్ ఆ నల్ల బండి తలుపుల్ని అదే పద్ధతిలో కణుపులతో తట్టుకుంటూ పోయాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. కుడివైపు వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి, దబ్. ఆ రేకు కింద పుట్టీ ఉంది. ఎప్పుడో గుద్దుకుంది, పూత పెట్టి దాచారు.

నోరు తెరిపించి చూడడం

మా తాత సంతలో ఎద్దును కొనేటప్పుడు ధర అడిగే ముందే నోరు తెరిపించేవాడు. రెండు పళ్లా, నాలుగా, ఆరా, లేక నోరు నిండిందా? తర్వాత సుడులు, గిట్టలు, నాలుగడుగుల నడక. అవన్నీ అయ్యాకే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం. మా తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు ఇప్పటికీ పళ్లను బట్టే విభాగాలు. యజమాని ఏం చెప్పినా పళ్లు అబద్ధం చెప్పవు.

బండికీ పళ్లుంటాయి, తెరిచి చూసే ఓపిక ఉండాలి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీత మధ్య నాలుగంకెలు ఉంటాయి. 1416 అని ఉంటే 2016వ సంవత్సరం పద్నాలుగో వారంలో తయారైందని అర్థం. ప్రతి అద్దం మూలా అచ్చువేసిన గుర్తుల్లో అది తయారైన ఏడాది దొరుకుతుంది. అన్నిటి మీదా ఒకే ఏడాది ఉండి, ఒక్కదాని మీద వేరే ఉంటే ఆ అద్దం పగిలి మార్చినట్టే. సీటుబెల్టును చివరికంటా లాగితే అడుగున కుట్టిన గుడ్డచీటీ మీద తేదీ ఉంటుంది. అలా లాగడంలో ఇంకో లాభం కూడా ఉంది. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా, లోపలికి చుట్టుకునే బెల్టు భాగంలో బురద చార మిగులుతుంది. 2023 జులైలో ఢిల్లీలో యమున 208.66 మీటర్ల మట్టానికి చేరింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్లలో తేలిన కార్లన్నీ తుక్కుకు పోయాయని నమ్మేవాళ్లు నమ్మొచ్చు.

ఈ బండి బెల్టు శుభ్రంగానే ఉంది. కానీ వెనక తలుపు అద్దం మీద ఏడాది వేరు, అక్కడే పుట్టీ. మీటరు మీద 78 వేల కిలోమీటర్లు. భాయ్ డ్రైవరు సీటు పక్కన కింద కూర్చుని బ్రేకు పెడల్ రబ్బరు చూపించాడు. దాని గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. స్టీరింగ్ తోలు ఎడమ పక్క నిగనిగలాడుతోంది. సీటు కుడి అంచు కుంగిపోయింది. 78 వేలకు అంత అరగదు. స్కానరు తగిలించాడు. ఇలాంటి బళ్లలో కిలోమీటర్ల లెక్క ముందున్న మీటర్లో ఒక్కదాన్లోనే ఉండదు, లోపలున్న ఒకట్రెండు కంప్యూటర్లు కూడా గుర్తుంచుకుంటాయి. మీటరు తిప్పేవాడు తరచూ వాటి సంగతి మరిచిపోతాడు. గేరుబాక్సు కంప్యూటరు లక్షా 63 వేలు చెప్పింది.

యజమాని ముఖం చూశాను. ఆయన నిజంగానే తెల్లబోయాడు. "నేను కొన్నప్పుడే అట్లుండె అన్నా. నాకూ ఎవడో చెయ్యి పెట్టినాడు." రెండేళ్ల కింద ఆయన కూడా ఫొటోలు చూసి, ఢిల్లీకి పోయి, మోజుతో తెచ్చుకున్నాడట. అమ్మేవాడు మోసగాడే అయ్యుండాలని లేదు. పాత బండి బేరంలో చాలాసార్లు మోసపోయినవాడే అమ్మేవాడవుతాడు.

ఢిల్లీ బండ్లు సీమకెందుకొస్తున్నాయి?

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగొద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో అంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఇంధనమే పోయొద్దన్నారు. రెండ్రోజుల్లో వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు యజమానుల మీద కఠిన చర్యలు వద్దంది. ఈ ఊగిసలాట అంతా ఒక సంగతిని మాత్రం గట్టిపరిచింది. ఢిల్లీ ధనవంతుడికి పదేళ్ల డీజిల్ బండి భారం. ఎంతో కొంతకు వదిలించుకుంటాడు. బండి దక్షిణానికి దిగుతుంది. ఢిల్లీ రోడ్ల మీద కాలం చెల్లిన బండి కొలిమిగుండ్లలో కొత్త పెళ్లికొడుకు.

చవకగా రావడానికి కారణం తెలిసింది కదా, ఇక చవక ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెప్తుంది. దానికి ఢిల్లీ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి, ఆంధ్రప్రదేశ్‌లో జీవిత పన్ను కట్టాలి. బండి వయసును బట్టి పన్ను శాతం తగ్గుతుంది గానీ, లెక్క మొదలయ్యేది కొత్తలో దాని ధర నుంచి. తొమ్మిదిన్నరకు కొన్న బండికి అరవై లక్షల బండి లెక్కన పన్ను! చాలామంది ఇక్కడే తూలుతారు. బయానా ఇచ్చే ముందే రవాణా శాఖ ఆఫీసుకు పోయి ఆ అంకె రాయించుకోవాలి. మా యజమాని రెండేళ్లయినా డీఎల్ నంబరుతోనే తిరుగుతున్నాడంటే, ఆ అంకె విని ఊరుకున్నట్టే లెక్క.

ఇంకోటి, సొంత బండి రిజిస్ట్రేషను గడువు పదిహేనేళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఆ ఫీజు 5 వేలు, దిగుమతి అయిన కార్లకు 40 వేలు. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10 వేలు, దిగుమతివైతే 80 వేలు చేశారు. మన దగ్గర తిరిగే ఐరోపా బండ్లు చాలావరకు విడిభాగాలుగా వచ్చి పుణె, ఔరంగాబాద్, చెన్నైలలో బిగించినవే. కొన్ని మాత్రం పూర్తిగా తయారై ఓడలో దిగినవి. ఏది ఏదో ఆర్‌సీ చూస్తే తెలుస్తుంది. మరీ పాత లాండ్ క్రూయిజర్ ఎవరైనా చవగ్గా ఇస్తానంటే ఇంకా జాగ్రత్త. 2025 సెప్టెంబరులో కస్టమ్స్ అధికారులు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో కేరళలో సోదాలు చేశారు. భూటాన్ నుంచి దొంగదారిన వచ్చి, ఇక్కడ నంబర్లు సంపాదించుకున్న పాత ఫోర్ బై ఫోర్‌ల కోసమే ఆ వేట.

దిగేది బండి ధరే

భాయ్ ఆ రోజు చెప్పిన ఒక్క మాట కోసమే ఈ కథనమంతా రాస్తున్నాననుకోండి. "బండి ధర దిగుతాది సార్. దాని సామాన్ల ధర దిగదు." అరవై లక్షల బండి తొమ్మిదిన్నరకు వచ్చినా, పాడైన సామాను కొట్టుకు పోయి అడిగితే వాడిచ్చేది అరవై లక్షల బండి సామానే. కొత్తలో దాన్ని కొన్నవాడి సంపాదన లెక్కన కట్టిన ధర అది.

గాలి సస్పెన్షన్నే తీసుకోండి. స్ప్రింగుల బదులు రబ్బరు సంచులు, వాటిలోకి గాలి కొట్టే చిన్న కంప్రెసరు. పదేళ్లకు రబ్బరు బీటలిస్తుంది, మన 44, 45 డిగ్రీల ఎండకు ఇంకా ముందే. బీటలోంచి గాలి సన్నగా పోతుంది. పోయిన గాలిని నింపుతూ నింపుతూ కంప్రెసరు కాలిపోతుంది. చిన్న రోగానికి వైద్యం చెయ్యకపోతే పెద్ద రోగం. పైగా బేతంచర్ల, కొలిమిగుండ్ల ప్రాంతంలో గాలే సగం రాతిపొడి. క్వారీలు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు లారీలు. ఈ బండి ఇంజను ఎయిర్ ఫిల్టరు తీసి తట్టితే నేల మీద ముగ్గు పడింది.

ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె జీవితాంతం మార్చక్కర్లేదని కొందరు బండ్ల తయారీదారులు చెప్పుకొచ్చారు. ఎవరి జీవితాంతమో అడగాలి. ఆ గేరుబాక్సుల్ని తయారుచేయడంలో పేరున్న జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమనే చెప్తుంది. మొదటి యజమాని అయిదేళ్లు నడిపి వదిలేస్తాడు కాబట్టి అతడికి ఆ నూనెతో పనిలేదు. మూడో యజమాని నెత్తిన పడుతుంది. ఈ బండి రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో చెయ్యేసి తోసినట్టు ఒక కుదుపు ఇచ్చింది. మార్చి ఉండరు.

టైర్లు చూస్తే ముందు రెండూ ఒక కంపెనీవి, వెనక రెండూ ఇంకో కంపెనీవి, అవీ బాగా అరిగినవి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి పంచే బండికి నాలుగు టైర్లూ సమానంగా అరగాలి. లేకుంటే చుట్టుకొలతలో తేడా వచ్చి, ఆ తేడాను సర్దుకోవడానికి మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ నిరంతరం రాపిడి పడుతుంది. టైర్ల దగ్గర పొదుపు చేసినవాడు మిగతా చోట్ల ఎంత చేశాడో ఊహించుకోవచ్చు. కొనేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు టైర్లు చూస్తాను, పాత యజమాని చేతి వాటం అక్కడ దొరుకుతుంది.

ఇక మరమ్మతు. నంద్యాల నుంచి హైదరాబాదు ఇంచుమించు 300 కిలోమీటర్లు, బెంగళూరు ఇంకాస్త ఎక్కువ. తాళంచెవిలో చిప్ పాడైనా అంతదూరం పోవాలి. పోవడం అంటే బండి నడిచిపోదు, ఇంకో లారీ మీద ఎక్కిపోవాలి. రాజుల సొమ్ము రాళ్లపాలు అంటారు. మా దగ్గర రాళ్లకు కొదవ లేదు.

అసలు ఇక్కడ దేనికి?

నంద్యాల నుంచి బనగానపల్లె, అవుకు మీదుగా బెలుం దాకా రోడ్డు బాగుంది. నంద్యాల, ఆళ్లగడ్డ 40వ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. గండికోటకు, యాగంటికి, కింది అహోబిలానికి మామూలు కారు చాలు. నల్లమలలోకి ఫోర్ బై ఫోర్ వేసుకుపోతాం అని ఊహించుకునేవాళ్లకు ఒక మాట. అది పులుల అభయారణ్యం, ఎవరి బండి వాళ్లు తోలుకుపోయి ఇష్టం వచ్చిన దారి తొక్కడానికి కుదరదు.

నాలుగు చక్రాల బలం నిజంగా కావాల్సింది ఎక్కడో తెలుసా? వానాకాలం నల్లరేగడి పొలం దారిలో. కుందూ పక్క చేలల్లో తడిసిన రేగడి చక్రానికి అంటుకుంటే రెండున్నర టన్నుల లగ్జరీ బండి కూడా చక్రాలు తిప్పుతూ అక్కడే కూచుంటుంది. రోడ్డు టైర్ల గాళ్లలో మట్టి నిండితే నాలుగు చక్రాలు తిరిగినా రెండు తిరిగినా ఒకటే. అప్పుడు లాగేది మన ట్రాక్టరే. మా బావమరిదికి ఆ ట్రాక్టరు ఉంది.

ఇంకో చోటు అహోబిలం. పావన నరసింహస్వామి దగ్గరికి, అదే మనవాళ్లు పాములేటి స్వామి అంటారు, అడవిలో రాళ్ల దారిన జీపులు పోతాయి. ఎప్పటి జీపులో, రేకు ఎక్కడ అతుకు ఎక్కడ తెలియనివి. ఎనిమిది మంది, పది మంది భక్తుల్ని ఎక్కించుకుని, పక్కకు ఒరిగి, రాయెక్కి, దిగి, మళ్లీ ఎక్కి చేరిపోతాయి. మధ్యలో ఆగితే డ్రైవరు దిగి తీగముక్కతో ఏదో కట్టి మళ్లీ తోలతాడు. ఆ జీపూ పాతదే, ఈ నల్ల బండీ పాతదే. పాతబడడంలో రెంటికీ పోలికే లేదు. జీపు ముసలిదైనా నంద్యాలలో ఏ మెకానిక్ చెయ్యైనా దాని లోపల ఎక్కడికైనా పోతుంది. దీని లోపలికి లాప్‌టాపు లేకుండా పోలేం.

చిత్రమేమంటే ఈ విలాసపు జాతి పుట్టింది కూడా పొలంలోనే. 1948లో లాండ్ రోవర్ రైతుల కోసం వచ్చింది. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ లోపల తోలు సీట్లు లేవు, నీళ్లు కొట్టి కడుక్కునే నేల ఉండేది. గాలి సస్పెన్షన్ 1992లో చేరింది. 1979 నాటి మెర్సిడెస్ జి-వాగన్‌ది కూడా మొరటు పుట్టుకే. సంపన్నులు మెచ్చే కొద్దీ మెత్తబడ్డాయి, మెత్తబడే కొద్దీ విరిగే సామాన్లు పెరిగాయి.

మా సీమలో పెద్ద బండి అంటే మొదట టాటా సుమో. 1994లో వచ్చింది. సుమోలో ఉన్నది సుమంత్ మూల్గావ్‌కర్ పేరని చాలామందికి తెలీదు, జపాను మల్లయోధుల పేరనుకుంటారు. సినిమాలు దాన్ని గాల్లోకి లేపాయి గానీ, మా ఊళ్లో అది పెళ్లిళ్లకూ ఆస్పత్రికీ ఎక్కువ తిరిగింది. 2002లో స్కార్పియో, అదే ఏడాది హిందుస్థాన్ మోటార్స్ ద్వారా మిత్సుబిషి పజెరో, 2009లో ఫార్చూనర్. తెల్ల ఫార్చూనర్ ఊళ్లోకొస్తే ఎవరొచ్చారని అడగనక్కర్లేదు, ఎవరో పెద్దాయనే. బండి ఇక్కడ ప్రయాణం కోసం మాత్రమే కాదు. మనిషి కంటే ముందు ఊళ్లోకి నడిచొచ్చే మర్యాద అది. ఆ సంగతి తీసేసి లెక్కలు వేస్తే మా బావమరిది మనసు అర్థం కాదు.

లెక్క మాత్రమే కావాలంటే నా తీర్పు ఇది. పాత ఫోర్ బై ఫోర్ తప్పనిసరైతే, ధర ఎక్కువైనా ఫార్చూనరే మేలు, అదీ నాలుగు చక్రాల రకమో కాదో ఆర్‌సీ చూసి. 2012 తర్వాత వచ్చిన వాటిలో రెండు చక్రాలవీ చాలా ఉన్నాయి, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఎండీవర్ మంచి బండే గానీ ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పజెరో గుర్రం లాంటిది, దాని మేత దొరికే కొట్లే తగ్గిపోయాయి. పొలం దారికీ అడవి అంచుకూ అయితే లో రేంజ్ గేరున్న థార్, జిమ్నీ ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ ఫొటో తీసుకోరు, అదొక్కటే లోటు.

సుద్దగీత

రెండు గంటలకు ఇంజను పూర్తిగా చల్లారదని భాయ్‌కి ముందే తెలుసు. మమ్మల్ని గుహలోకి పంపింది మా బావమరిది తొందర తగ్గించడానికేనని తర్వాత చెప్పాడు. సాయంత్రం బండిని ఫ్యాక్టరీ షెడ్డులో పెట్టించి, నాలుగు చక్రాల మీద నుంచి నేల మీదికి సుద్దతో గీతలు గీశాడు, ఎవరూ కదిలించకుండా. వెదురు పుల్ల తెచ్చి ఒక్కో చక్రం పైనున్న రేకు అంచు ఎత్తు కొలిచి గుర్తు పెట్టుకున్నాడు. మీటరు ఫొటో తీశాడు. యజమాని అడ్డు చెప్పలేదు, ఆయనకీ నిజం తెలుసుకోవాలనుందేమో.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు నంద్యాలలో బయల్దేరి ఆరింటికల్లా వచ్చేశాం. దారిలో మా బావమరిది ఎక్కువ మాట్లాడలేదు. షెడ్డు తలుపు తీయగానే పుల్ల పెట్టి కొలవక్కర్లేకుండానే కనిపించింది. బండి ఎడమ వెనక కాలు మడిచి పడుకున్న ఎద్దులా ఉంది. నాలుగు వేళ్ల మందం దిగింది. తాళం తిప్పితే ఇంజను ఒక్కసారికి పట్టుకోలేదు. పట్టుకున్నాక మూడు నాలుగు సెకన్లు గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడు, వెనక నీలిపొగ. తర్వాత మెత్తగా, ఎంతో మెత్తగా, నిన్నటిలాగే మోగింది. నిన్న మేం విన్నది ఈ రెండో భాగమే.

భాయ్ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. గాలి సంచులు, కంప్రెసరు, నాలుగు టైర్లు, గేరుబాక్సు నూనె, బెల్టులు, నీళ్ల పంపు, కింది బుష్‌లు. "ఇంజను జోలికి పోకుండా నాలుగున్నర లక్షలు సార్. పన్ను వేరే." లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ ఖర్చు అందులో లేదు.

మేమిద్దరం బయటికొచ్చి రాతి దిమ్మె మీద కూర్చున్నాం.

"దేనికిరా కొంటాండావు? ఉన్నదున్నట్టు చెప్పు."

కాసేపు ఊరుకున్నాడు. "ఊళ్లోకి పోతే నలుగురూ తిరిగి చూడల్ల బావా. అంతే. ఇంకేం ల్యా."

ఆ జవాబుకు నాకు కోపం రాలేదు. వాళ్ల నాన్న, అంటే మా మామ, ఒకప్పుడు బండలాగుడు ఎద్దుల జత మేపాడు. వాటిని ఏనాడూ మడకకు కట్టలేదు. ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాడు, బాదం పప్పు తినిపించేవాడు, వాటికోసం వేరే మనిషిని పెట్టాడు. తిరునాళ్లలో అవి టన్నుల బండ లాగుతుంటే చుట్టూ జనం ఈలలు. వచ్చిన బహుమానం వాటి మేతకు నెల రోజులు కూడా చాలదు. మా అత్త ఏనాడూ ఆ ఖర్చును సేద్యం ఖర్చులో రాయనివ్వలేదు. అది వేరే పద్దు. మా మామ ఆ పద్దు సొంత పొగాకు డబ్బుతో పూడ్చుకునేవాడు, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా.

పాత లగ్జరీ బండి కూడా పందెపు ఎద్దే. దాన్ని కాడెద్దు ధరకు వస్తోందని కొనడమే పొరపాటు. పందెపు ఎద్దు కావాలంటే కొనుక్కో, తప్పులేదు, కానీ దాని పద్దు వేరే రాయి, మేతకు డబ్బు ముందే పక్కన పెట్టు, చిన్న కారును అమ్మొద్దు. ఎందుకంటే ఇది నెలలో పది రోజులు షెడ్డులోనే ఉంటుంది. వాడితో అదే చెప్పాను. ఎరువుల కొట్టు బిల్లు పుస్తకం తీసి వాడే వెనక పేజీలో కూడుకున్నాడు. తొమ్మిదిన్నర, నాలుగున్నర, పన్ను, బీమా, డీజిలు. అంకె వచ్చాక దాని కింద గీత గీశాడు, ఆ గీత కింద ఇంకో గీత గీశాడు.

లోపలికి పోయి యజమానితో అయిదు లక్షలన్నాడు. ఆయన ఎనిమిదికి దిగి, అక్కడే ఆగిపోయాడు. టీ తాగి వచ్చేశాం.

ఇది రాసేనాటికి బండి ఆ షెడ్డు కిందే ఉంది. ధర ఏడున్నర అయిందని మొన్న కబురొచ్చింది. కొనే ఆలోచన ఉన్నవాళ్లు తప్పకుండా పోయి చూడండి. పొద్దున ఆరింటి లోపే పోండి, తలుపు తీసే ముందు రేడియేటర్ పైపు మీద ఒకసారి చెయ్యేసి చూడండి.